దయ్యం ఉండొచ్చు గానీ మిరపకాయ ఉండకూడదు

పోయిన నెల ఓ శనివారం పొద్దున్నే ఇంజనీరింగు క్లాస్‌మేటు ఒకడు ఫోన్ చేశాడు. మామూలుగా వీడు ఫోన్ చేస్తే ప్లాటు గురించో, వాళ్ళబ్బాయి అడ్మిషన్ గురించో ఉంటుంది. ఈసారి "ఒరేయ్, నవల రాశాన్రా" అన్నాడు. శాతవాహనుల కాలమట, ధాన్యకటకమట, కృష్ణ ఒడ్డున ఓ నాగకన్యట. నిజంగా సంతోషమేసింది. ఇరవయ్యేళ్ళుగా జావా తప్ప వేరే భాషలో వీడు నాలుగు వాక్యాలు రాయగా చూడలేదు మరి!

"వచ్చే నెల విడుదల. లింకు పంపిస్తా. ఆ రోజే నువ్వో ఐదు నక్షత్రాలు కొట్టెయ్యాలి. రెండు లైన్లు చాలు. చదవక్కర్లేదులే, నీకు టైమెక్కడిది!" అన్నాడు.

ఆ "చదవక్కర్లేదులే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నాలుగేళ్ళు నిద్ర మానుకుని రాసిన మనిషి, తన పుస్తకాన్ని చదవొద్దని తనే చెబుతున్నాడు. చెడామడా తిట్టాలనిపించింది. కానీ ఆ హక్కు నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

2018 ఫిబ్రవరిలో నా నవల అచ్చయింది. మూడేళ్ళ శనివారం రాత్రుల కష్టం. ఓరుగల్లు నేపథ్యం, ప్రతాపరుద్రుడి కాలం. 1309లో మాలిక్ కాఫర్ దండెత్తి రావడం దగ్గర మొదలై 1323లో కోట పడిపోవడంతో ముగుస్తుంది. అయితే అచ్చంగా చరిత్ర కాదు. ఓ పల్లె చెరువు తూములో యక్షిణి ఒకతె కాపురముంటుంది. ఊళ్ళో ఎవరైనా అబద్ధపు సాక్ష్యం చెప్పారా, ఆ ఏడు తూము తెరుచుకోదు, పొలాలకు నీళ్ళుండవు. అదీ కథ. సొంత డబ్బుతో 500 కాపీలు వేయించాను. మా ఆవిడ మంచం కింద చోటు ఇచ్చింది. :-)

ఆన్‌లైన్ దుకాణంలో పెట్టాక పదిహేను రోజులు ఆ పేజీ బోడిగుండులా ఉంది. ఒక్క రివ్యూ లేదు. రోజుకి ఇరవైసార్లు రిఫ్రెష్ కొట్టేవాణ్ణి. రచయిత అనబడే ప్రాణికి ఆ పదిహేను రోజులు ఎలా ఉంటాయో అనుభవించినవాడికే తెలుస్తుంది. ప్రొడక్షన్లో కోడు పెట్టాక లాగ్ ఫైలు ఖాళీగా ఉంటే ఎలా ఉంటుంది? బాగా పనిచేస్తోందో, అసలు ఎవరూ వాడట్లేదో తెలీదు. సరిగ్గా అలాగే ఉంటుంది.

అప్పుడు నాకో దిక్కుమాలిన ఐడియా వచ్చింది. నా కింద పనిచేసే టీములో 14 మంది ఉన్నారు. సొంత మెయిల్ ఐడీ నుంచే లెండి (ఆఫీసు మెయిల్ వాడకూడదన్న నీతి మాత్రం ఉంది నాకు), అందరికీ లింకు పంపి "వీలైతే చదివి మీ అభిప్రాయం రాయండి" అన్నాను. మూడు రోజుల్లో 11 రివ్యూలు. అన్నీ ఐదు నక్షత్రాలే. 412 పేజీల పుస్తకం, మధ్యలో ఒక రిలీజు కూడా ఉంది. అంత పనిలో పదకొండు మంది మూడు రోజుల్లో చదివేశారంటే నా కథనం ఎంత బిగువుగా ఉందో అని మురిసిపోయాను. తెలివైన వెధవలం మనం, బగ్ రిపోర్టులో ఒక్క సున్నా తేడా వస్తే పట్టేస్తాం. ఇదెలా పట్టుకోలేకపోయానో ఇప్పటికీ ఆశ్చర్యమే.

నాలుగో రోజు పన్నెండో రివ్యూ వచ్చింది. మూడు నక్షత్రాలు. రాసింది టీములో రెండేళ్ళ అనుభవమున్న కుర్రాడు, జనగామ వైపు వాడు. నన్ను "అన్నా" అని పిలిచేవాడు. రాసింది కూడా నాలుగు ముక్కలే. యక్షిణి అధ్యాయాలు చాలా బాగున్నాయి. 61వ పేజీలో సైనికులు మిరపకాయ కొరుక్కుంటూ అంబలి తాగుతారు, ఆ కాలంలో మనదేశంలో మిరపకాయ లేదు. 260వ పేజీలో కోట మీద ఫిరంగులు పేలతాయి, అవి కూడా లేవు. అక్కడితో చదవడం ఆపేశాను. అంతే.

మర్నాడు అతన్ని టీకి పిలిచాను. తీసెయ్యమని నేను అనలేదు. ఈ మాట చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నేనన్నది ఇదీ: "నీ రివ్యూ చూశాను, మంచి పాయింట్లే. కాకపోతే కొత్త పుస్తకం కదా, మొదట్లోనే మూడంటే కొంచెం..." అని ఆగిపోయాను. అతను తలూపాడు. సాయంత్రానికి ఆ రివ్యూ లేదు. రెండు రోజుల తరువాత దాని చోట ఐదు నక్షత్రాలు, "మంచి పుస్తకం" అన్న రెండు మాటలు. ఆ వారం నుంచి నన్ను "సార్" అనడం మొదలెట్టాడు. నేను పట్టించుకోలేదు.

ఇక్కడ మీకు చెప్పని సంగతి ఒకటుంది. అది మార్చి నెల. ఆ ఏడు హెచ్1 వీసాకి మా టీము నుంచి ఎవరి పేర్లు పంపాలో ఆ జాబితా నా దగ్గరే ఉంది. టీ తాగుతున్నప్పుడు ఆ విషయం నా బుర్రలో లేదు. అతని బుర్రలో అది తప్ప ఇంకేం లేదు. అతని పేరు ఆ జాబితాలో అప్పటికే రాసేశాను. ఆ సంగతి అతనికి తెలియదు.

అబద్ధపు సాక్ష్యం చెబితే తూము తెరుచుకోదని 412 పేజీలు రాసినవాడు చేసిన పని ఇది.

ఆ డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో తెలిసినవాళ్ళ స్టాల్లో ఓ మూల నా పుస్తకాలు పెట్టుకుని కూర్చున్నాను. డెబ్భై ఏళ్ళ పెద్దాయన ఒకరు వచ్చారు. హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయ్యారట. పుస్తకం తీసి వెనక అట్ట చదివారు, లోపల ఓ పది పేజీలు నిలబడే చదివారు. కళ్ళు మెరిశాయి. "యక్షిణిని తూములో పెట్టావా! భలే!" అన్నారు. నా ఆనందానికి అంతు లేదు. ఇంకో నాలుగు పేజీలు తిప్పారు. "బాబూ, 1310లో ఓరుగల్లులో మిరపకాయ ఎక్కడిదయ్యా?" అన్నారు.

నేను నీళ్ళు నమిలాను. "అదీ... ఫాంటసీ కదండీ మాస్టారూ" అన్నాను.

"ఫాంటసీ యక్షిణికి కదా, మిరపకాయకి కాదు గదా" అని, పుస్తకాన్ని జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టేసి వెళ్ళిపోయారు. కోపం కూడా లేదు ఆయనకి. ఉండి ఉంటే బాగుండేది.

సరే, సొంత సోది ఆపి విషయానికొస్తా.

చారిత్రక ఫాంటసీ రాసేవాళ్ళు చాలామంది (నాతో సహా) పొరబడేది ఇక్కడే. ఎలాగూ దయ్యాలున్నాయి, మంత్రాలున్నాయి, ఇహ మిగతావి ఎలా ఉంటేనేం అనుకుంటాం. నిజానికి పాఠకుడితో ఒప్పందం దీనికి తలకిందులుగా ఉంటుంది. "ఈ ఒక్క వింతనీ నమ్మండి, మిగతాదంతా ఉన్నదున్నట్టు చూపిస్తాను" అని రచయిత మాటిస్తాడు. నేల గట్టిగా ఉంటేనే దాని మీద యక్షిణి నిలబడుతుంది. అంబలిలోనే అబద్ధముందని తెలిశాక తూములో యక్షిణిని ఎవరు నమ్ముతారు?

మిరపకాయ సంగతే చూడండి. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. వాస్కో డ గామా కాలికట్టు చేరింది 1498లో. మిరపని పోర్చుగీసువాళ్ళు తెచ్చింది ఆ తరువాతే, 16వ శతాబ్దంలో. కాకతీయుల వంటింట్లో కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, శొంఠి. అంతెందుకు, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, వేరుశనగ, జీడిమామిడి, జామ, బొప్పాయి, పొగాకు – ఇవన్నీ అటునుంచి వచ్చినవే. రుద్రమదేవి తోటలో జామచెట్టు పెట్టామంటే అంతే సంగతులు. ఫిరంగి అయితే మరీ దారుణం. ఆ మాటలోనే పరంగివాడున్నాడు. 1323 నాటి ముట్టడిలో ఉన్నవి రాళ్ళు విసిరే యంత్రాలు.

ఇవి గూగులమ్మని అడిగితే అర నిమిషంలో చెబుతుంది. కానీ అడగాలని తట్టాలి కదా. ఆవకాయ తిని పెరిగినవాడికి మిరపకాయ మీద అనుమానం ఎందుకొస్తుంది? మనకు తెలియదని మనకే తెలియని చోటే తప్పు దాక్కుంటుంది. అందుకే ఇంకో జత కళ్ళు కావాలి. అవి కూడా సరైన కళ్ళయి ఉండాలి. నా పదకొండు మంది నిజంగా చదివినా మిరపకాయని పట్టుకునేవాళ్ళు కాదేమో. పట్టుకున్న ఒక్కడినీ నేను నోరు మూయించాను.

బయటి దేశాల్లో ప్రచురణకర్తలు దీన్ని ఓ పద్ధతిగా చేస్తారు. పుస్తకం విడుదలకి కొన్ని నెలల ముందే అచ్చుతప్పులు కూడా పూర్తిగా దిద్దని ప్రతుల్ని పత్రికలకీ, లైబ్రరీవాళ్ళకీ, దుకాణదారులకీ, ఆ తరహా పుస్తకాలు ఇష్టపడే పాఠకులకీ పంపుతారు. ముందస్తు ప్రతులంటారు. 2007లో గుడ్‌రీడ్స్, 2008లో నెట్‌గ్యాలీ వచ్చాక ఈ వ్యవహారం చాలావరకు నెట్టుకెక్కింది. 2013లో గుడ్‌రీడ్స్‌ని అమెజాన్ కొనేసింది. చుక్కలు పెట్టేచోటూ, సరుకు అమ్మేచోటూ ఒకే యజమాని కిందికొచ్చాయన్న మాట.

చుక్కలకి విలువ రాగానే చుక్కల వ్యాపారమూ వచ్చింది. డబ్బులిచ్చి వందల కొద్దీ రివ్యూలు రాయించుకున్న రచయితల సంగతి 2012లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అదే ఏడు ఇంగ్లండులో ఒక పేరున్న రచయిత మారుపేర్లతో తన పుస్తకాల్ని తనే పొగుడుకుంటూ, తోటి రచయితల్ని తెగుడుతూ దొరికిపోయి క్షమాపణ చెప్పుకున్నాడు. 2016 అక్టోబరులో అమెజాన్ ఉచితంగా వస్తువులిచ్చి రివ్యూలు రాయించుకునే పద్ధతిని (తన సొంత ఏర్పాటు మినహా) ఆపేసింది. పుస్తకాలకి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ముందస్తు ప్రతి ఉచితంగా ఇవ్వొచ్చు, కానీ దానికి బదులుగా రివ్యూ రాసి తీరాలని గానీ, బాగుందనే రాయాలని గానీ షరతు పెట్టకూడదు. ఇంట్లోవాళ్ళూ, దగ్గరి స్నేహితులూ రాయకూడదన్న నియమం కూడా ఉంది. మా క్లాస్‌మేటుకి ఇది చెబితే "అయితే ఇంకెవరు రాస్తార్రా?" అన్నాడు. అసలు ప్రశ్న అదే కదా!

అన్నిటికన్నా విచిత్రం 2023 డిసెంబరుది. అమెరికాలో ఒక కొత్త రచయిత్రి, గ్రీకు పురాణం ఆధారంగా ఫాంటసీ రాసింది. పుస్తకం ఇంకా విడుదల కూడా కాలేదు. ఈలోగా గుడ్‌రీడ్స్‌లో దొంగ ఖాతాలు తెరిచి, తనతో పాటు తొలి పుస్తకం తెస్తున్న ఇతర రచయితలకి ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోయింది, తన దానికి మెచ్చుకోళ్ళు. పాఠకులే కూపీ లాగి పట్టుకున్నారు. ప్రచురణకర్త ఆ పుస్తకాన్ని వద్దనుకున్నాడు, ఏజెంటూ వదిలేశారు. వార్త చదివినప్పుడు అందరిలా నవ్వలేకపోయాను. ఆవిడ దొంగ ఖాతాలు తెరిచింది. నాకా అవసరం రాలేదు. నిజమైన ఖాతాలున్న మనుషులు 14 మంది నా కింద ఉన్నారు కదా!

మంచి ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి. మన వృత్తివాడే ఒకడున్నాడు, ఆండీ వీర్. ప్రోగ్రామరు. 'ద మార్షియన్' నవలని 2009 నుంచి తన సొంత సైటులో ఒక్కో అధ్యాయం చొప్పున ఉచితంగా పెడుతూ వచ్చాడు. చదివేవాళ్ళలో సైన్సు బాగా తెలిసినవాళ్ళున్నారు. ఇక్కడ నీ రసాయనశాస్త్రం తప్పు, అక్కడ నీ లెక్క తప్పు అని మెయిళ్ళు రాసేవాళ్ళు, ఇతను దిద్దుకునేవాడు. 2011లో పాఠకులు అడిగితేనే కిండిల్లో 99 సెంట్లకి పెట్టాడు. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ వేసింది, 2015లో సినిమా అయింది. అది చారిత్రకం కాదు, అంగారక గ్రహం కథ. కానీ సూత్రం ఒకటే. అక్కడ బంగాళాదుంప ఎలా పండిందో లెక్క సరిపోవాలి, మనకి బంగాళాదుంప అసలు లేకుండా ఉండాలి. :-)

మనదేశంలో అయితే అమీష్. బ్యాంకు ఉద్యోగి. శివుడి మీద తొలి నవలని ప్రచురణకర్తలు వరసగా తిప్పికొట్టాక 2010లో సాహిత్య ఏజెంటుతో కలిసి బయటికి తెచ్చారు. మొదటి అధ్యాయాన్ని విడిగా అచ్చువేసి పుస్తకాల షాపుల్లో ఊరికే పంచిపెట్టించారు. ఆ నవలలు మీకు నచ్చాయా లేదా అన్నది వేరే సంగతి. నేను చూసేది ఒకటే: చదవక్కర్లేదని చెప్పలేదు, చదివి చూడండి అన్నారు.

ఇంతకీ మన తెలుగులో ఈ రకం పాఠకులు లేరా? ఎందుకు లేరు! అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' రాస్తే, నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి' రాస్తే ఎగబడి చదివిన జాతి మనది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళ కోసం నెల మొదట్లో తపాలా మనిషి దారి కాచిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. వారపత్రికల్లో సీరియల్ నడుస్తున్నప్పుడే పాఠకులు ఉత్తరాలు రాసేవాళ్ళు. ఆ ఉత్తరాలకి మించిన ముందస్తు రివ్యూలేముంటాయి? పాఠకులు ఉన్నారు. కాకపోతే మన ఆఫీసులో లేరు, మన వాట్సాప్ గ్రూపులో లేరు. వెతుక్కుంటూ పోవాలి. మనకి బద్ధకం. చేతికందినవాణ్ణి పట్టుకుంటాం. చేతికందినవాడికి మొహమాటం. మన ఇళ్ళల్లో కూర బాలేదంటే వండినవాళ్ళని అన్నట్టే. పుస్తకమూ అంతే. బాలేదన్నామంటే మనిషిని అన్నట్టే లెక్క.

రెండో నవలకి నేనేం చేశానో చెబుతాను. ఇదే గొప్ప పద్ధతని కాదు, నాకు పనికొచ్చింది.

ఏడుగురిని వెతికాను. శాసనాలు చదివే అలవాటున్న రిటైర్డ్ టీచరు ఒకరు. ఇంగ్లీషు ఫాంటసీలు నమిలి మింగేసిన పిల్లలు ఇద్దరు. చరిత్ర నవలలంటే పడిచచ్చే గృహిణి ఒకావిడ, నోరి వారి పుస్తకాలు కంఠతా ఆవిడకి. తెలుగు ఎం.ఏ. చేసిన బస్ కండక్టర్ ఒకరు. పాకాల దగ్గర వ్యవసాయం చేసే ఆయన ఒకరు. అసలు ఫాంటసీ అంటేనే గిట్టని ఓ ఇంజనీరు. ఎంచుకోవడానికి పెట్టుకున్న నియమం ఒకటే: నాకు "కాదు" అని చెప్పడానికి ఎవరికైతే ఏమీ ఖర్చవదో వాళ్ళే ఉండాలి. నా కింద పనిచేసేవాళ్ళు వద్దు. నాకు బాకీ ఉన్నవాళ్ళు వద్దు. చుట్టాలు అసలే వద్దు.

"ఎలా ఉంది?" అని అడగలేదు. అలా అడిగితే మన దేశంలో వచ్చే జవాబు ఒకటే, "బాగుంది". నాలుగు ప్రశ్నలు అడిగాను. ఏ పేజీలో పక్కన పడేశారు? ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు? ఏ పాత్ర పేరు గుర్తు రాక వెనక్కి వెళ్ళారు? ఏ పేజీలు చదవకుండా దాటేశారు? ఇవి అడిగితే మొహమాటస్తుడు కూడా జవాబు చెప్పగలడు, ఎందుకంటే అది పొగడ్తా కాదు, తెగడ్తా కాదు. పేజీ నంబరు. మన భాషలో చెప్పాలంటే, "మీ అప్లికేషన్ దరిద్రంగా ఉంది" అనే మెయిల్ కన్నా స్క్రీన్‌షాటు మేలు కదా.

ఒకేసారి మొత్తం ఇవ్వలేదు. ఐదేసి అధ్యాయాలు, ఆరు వారాలు. ఏడుగురిలో నలుగురే చివరిదాకా వచ్చారు. మానేసిన ముగ్గురూ ఎక్కడ మానేశారో చెప్పారు. ముగ్గురిదీ ఒకే చోటు, రాజవంశాల వరస ఏకరువు పెట్టిన తొమ్మిదో అధ్యాయం. అది నాకు ప్రాణప్రదమైన అధ్యాయం! రెండు నెలలు చదివి రాసింది. గుండె రాయి చేసుకుని 22 పేజీలు కొట్టేశాను.

పాకాల ఆయన ఇచ్చిన రిపోర్టు మాత్రం జన్మలో మర్చిపోను. నా మొదటి నవలలో నీరటి ఓ చక్రం తిప్పి తూము తలుపు ఎత్తుతాడు. రెండోదానిలోనూ అదే రాశాను. ఆయన ఫోన్ చేసి "సారూ, గా చక్రం మా తాతల కాలంల కూడ లేకుండె. పాత తూముకు రాతి కంబాలుంటయి, నడుమ బొక్క ఉంటది, దాంట్ల కట్టె దిగుతది, కింద గూటం బిగుసుకుంటది. నీళ్ళల్లకు దిగి గుంజాలె. గా పని చేసెటోనికి పాణం మీద ఆశ ఉండద్దు" అన్నాడు. నేను ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. నీళ్ళలోకి దిగి, ఊపిరి బిగబట్టి, చీకట్లో చెయ్యి పెట్టి గూటం వెతికే మనిషి! యక్షిణి అతనికి కాక ఇంకెవరికి కనబడుతుంది? నవలలో అందరూ మెచ్చుకునే ఘట్టం అదే. అది నా ఊహ కాదు. తప్పు చూపించిన మనిషి ఇచ్చింది.

"అవన్నీ సరే గురూ, చుక్కలు లేకపోతే పుస్తకం ఎవడి కంటా పడదు కదా" అంటారు. ఒప్పుకుంటాను. బొత్తిగా ఖాళీ పేజీ చూసి కొనేవాడు అరుదు. కానీ చుక్కలెక్కడివన్నది కూడా ఆ యంత్రం చూస్తుంది. మా టీమువాళ్ళు నా మొదటి పుస్తకం కొన్న పుణ్యమా అని, దాని కింద "ఇది కొన్నవారు ఇవి కూడా కొన్నారు" అన్నచోట చాన్నాళ్ళు ఏముండేవో తెలుసా? జావా ఇంటర్వ్యూ ప్రశ్నల పుస్తకాలు! ఓరుగల్లు నవల వెతుక్కునే పాఠకుడికి దారి చూపించాల్సిన బాణం గుర్తుని నేనే అమీర్‌పేట వైపు తిప్పి పెట్టాను.

రెండో పుస్తకానికి ఇప్పటికి 19 రివ్యూలున్నాయి. సగటు నాలుక్కి కొంచెం తక్కువ. ఆ ఏడుగురిలో ఇద్దరు తమంతట తాము రాశారు, ప్రతి ముందే ఉచితంగా అందిందని చెప్పి మరీ. నేను అడగలేదు. మూడు చుక్కల రివ్యూ ఒకటుంది: "యుద్ధాలుంటాయనుకుంటే పుస్తకం నిండా చెరువులే" అని. అది చదివి కొన్నామని ముగ్గురు నాకు మెయిల్ రాశారు. వాళ్ళకి చెరువులే కావాలట! ఇలాంటి పుస్తకానికి ఉండేది కొద్దిమంది పాఠకులే. ఆ కొద్దిమందికీ పుస్తకం ఏమిటో నిజం చెప్పే ఫిర్యాదు, ఏమీ చెప్పని ఐదు చుక్కలకన్నా ఎక్కువ ఉపయోగం.

మొదటి పుస్తకం రెండో ముద్రణ వేసినప్పుడు మిరపకాయ తీసి మిరియాలు పెట్టాను. ఫిరంగులు దించేశాను. ఆ జనగామ కుర్రాడు (ఇప్పుడు కుర్రాడేం కాదు లెండి, డల్లాస్‌లో ఉన్నాడు, ఇద్దరు పిల్లలు) ఒకసారి హైదరాబాదు వస్తే కలిశాను. జరిగింది తప్పని చెప్పాను. నవ్వి, "అప్పుడు నా వీసా మీ చేతిలో ఉంది కదా సార్" అన్నాడు. ఎనిమిదో మనిషిగా నా తరువాతి నవల ముందుగా చదువుతావా అని అడిగాను. "వద్దు సార్, ఏమనుకోకండి. నాకు కుదరదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. చరిత్ర తెలిసి, కథ తెలిసి, నిజం చెప్పే గుణమున్న పాఠకుణ్ణి ఒక్క కప్పు టీతో పోగొట్టుకున్నాను. ఆ "సార్" ఇంకా "అన్నా" కాలేదు.

ఇంతకీ మా క్లాస్‌మేటు సంగతి. "చుక్కలు పెట్టను. చదువుతాను. అనిపించింది నీకొక్కడికే ముందుగా రాస్తాను" అన్నాను. కాసేపు ఆగి, "సరే నీ ఇష్టం" అని పీడీఎఫ్ పంపాడు. నిజం చెప్పొద్దూ, వాడి నాగకన్య అద్భుతంగా ఉంది. నాకు అసూయ కూడా కలిగింది. అయితే మూడో పేజీలోనే ధాన్యకటకం రేవులో సాయంత్రం పూట బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు. రెండు వేల ఏళ్ళ కిందట!

రెండు పేజీల మెయిల్ రాశాను. మొదటి పేజీ నిండా నాగకన్య గురించి, రెండో పేజీలో పొత్తుల దగ్గర్నుంచి మొదలుపెట్టి పేజీ నంబర్లతో సహా జాబితా. వాడు నాకు బాకీ లేడు, నేను వాడికి బాకీ లేను. విడుదల తేదీకి ఇంకా రెండు వారాలుంది, దిద్దుకోవాలంటే సరిపోతుంది.

మెయిల్ పంపి తొమ్మిది రోజులైంది. ఇంకా జవాబు లేదు. ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి, మళ్ళీ పెట్టేశాను. తిట్టుకోవడానికి కూడా టైమివ్వాలి కదా పాపం.